బ్రేక్ డిస్క్ థర్మల్ సిమ్యులేషన్‌లో 7,600 డిగ్రీలు వస్తున్నాయి: ఫ్లక్స్ తగ్గించాలా, విశ్లేషణ మార్చాలా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఎం.టెక్ ప్రాజెక్టు కోసం 1500 కిలోల కారు ముందు చక్రానికి ఉండే వెంటిలేటెడ్ డిస్కును (రెండు చెంపలు, వాటి మధ్య గాలి పోయేలా వేన్లనే పలుచని గోడలు ఉన్న బ్రేకు డిస్కు) అన్సిస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషిస్తున్నారు. కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి 0.8 జి (గురుత్వ త్వరణంలో 0.8 వంతు) రుణత్వరణంతో ఆగుతుందని తీసుకుని, ఆ లెక్కన వచ్చిన హీట్ ఫ్లక్స్‌ను (చదరపు మీటరుకు దిగే ఉష్ణశక్తి రేటును) స్టెడీ స్టేట్ థర్మల్‌లో, అంటే కాలంతో మారని స్థితిని లెక్కించే విశ్లేషణలో, డిస్కు ముఖాలకు ఇచ్చి, మిగిలిన ఉపరితలాలతో సహా అన్నింటికీ కన్వెక్షన్ గుణకం (ఒక చదరపు మీటరు నుంచి ఒక్కో డిగ్రీ తేడాకు గాలి తీసుకుపోయే వాట్లు) 100 ఇచ్చారు. ఫలితం 7,600 డిగ్రీలు దాటింది. ఫ్లక్స్‌ను తగ్గించుకుంటూ పోయి 300 ప్రాంతానికి తెమ్మని ఒకరు సలహా ఇచ్చారు. క్యాస్ట్ ఐరన్, అల్యూమినియం, టైటానియంలలో ఏది మేలో తేల్చాలన్నది ప్రాజెక్టు లక్ష్యం. మొత్తం డిస్కు మోడల్ మీ ల్యాప్‌టాప్‌పై నడవడం లేదన్నది చివరి ఇబ్బంది. కన్వెక్షన్ గుణకాన్ని ఎక్కడి నుంచి తేవాలని కూడా అడిగారు.

సూటిగా సమాధానం ఇది. మీ ఫ్లక్స్ లెక్క సరిగానే ఉంది, ఎంచుకున్న విశ్లేషణ రకం ఈ సందర్భానికి పనికిరాదు. ట్రాన్సియెంట్ థర్మల్‌కు, అంటే కాలంతో ఉష్ణోగ్రత ఎలా మారుతుందో లెక్కించే విశ్లేషణకు మారండి. ఫ్లక్స్‌ను మొదటి క్షణంలో గరిష్ఠ విలువతో మొదలుపెట్టి, దాదాపు 3.5 సెకన్లలో సరళరేఖలో సున్నాకు దించండి. మీరిచ్చిన కొలతలకు, 30 డిగ్రీల వద్ద మొదలైన డిస్కు ఉపరితలం ఆగే క్రమం సగంలో ఉండగా 170-180 డిగ్రీలకు చేరాలి. బండి ఆగి, వేడి డిస్కంతటా సర్దుకున్నాక సగటు 90 డిగ్రీల దగ్గర నిలవాలి. మీ ఫలితం దీనికి చాలా దూరంగా ఉంటే ఎక్కడో ఇన్‌పుట్ తప్పిందని అర్థం. ఫ్లక్స్‌ను చేతితో తగ్గించి అందమైన సంఖ్య తెచ్చుకోవడం మాత్రం చేయకండి. అలా తెచ్చిన 300కు ఎలాంటి భౌతిక అర్థమూ ఉండదు, వైవాలో దాన్ని సమర్థించుకోనూ లేరు.

ఇక కారణాలు. బ్రేకుల తయారీ రంగంలో థర్మల్ సిమ్యులేషన్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, కళాశాలల నుంచి వచ్చే ప్రాజెక్టు నివేదికలను కూడా తరచుగా చూస్తుంటాను, అందువల్ల ఈ 7,600 డిగ్రీలు నాకు కొత్త కాదు.

ఆ సంఖ్య ఎలా వచ్చిందో చూద్దాం. గంటకు 100 కిలోమీటర్లు అంటే సెకనుకు 27.8 మీటర్లు. బ్రేకు పడిన మొదటి క్షణంలో వేడిగా మారే శక్తి రేటు ద్రవ్యరాశి, రుణత్వరణం, వేగాల లబ్ధం కాబట్టి 1500 × 7.85 × 27.8, అంటే సుమారు 327 కిలోవాట్లు. ముందు చక్రాలు రెండూ కలిసి 70 శాతం పని చేస్తాయనుకుంటే ఒక్కో ముందు డిస్కుకు 35 శాతం, అంటే 114 కిలోవాట్ల పైచిలుకు వస్తుంది. ఒక చిన్న డిస్కులోకి 150 అశ్వశక్తికి మించిన శక్తి దిగుతోందన్నమాట. స్టెడీ స్టేట్ విశ్లేషణ అడిగే ప్రశ్న ఏమిటంటే, ఇంత శక్తి ఎప్పటికీ ఆగకుండా వస్తూనే ఉంటే, లోపలికి వచ్చినదంతా గాలిలోకి పోయే స్థితికి చేరేసరికి డిస్కు ఎంత వేడెక్కుతుంది? మీ డిస్కు మొత్తం ఉపరితలం సుమారు 0.15 చదరపు మీటర్లు, కన్వెక్షన్ గుణకం 100, కాబట్టి ఒక్కో డిగ్రీ తేడాకు గాలి 15 వాట్లు తీసుకుపోగలదు. 1,14,500ను 15తో భాగిస్తే 7,630. సాఫ్ట్‌వేర్ ఈ భాగహారాన్ని మాత్రమే మీకు అందంగా రంగులు వేసి చూపించింది. గంటకు 100 కిలోమీటర్ల వేగం తగ్గకుండానే ఎప్పటికీ 0.8 జి బ్రేకు వేస్తూ ఉండే కారు లోకంలో లేదు కనుక ఆ డిస్కూ లేదు. గ్రే క్యాస్ట్ ఐరన్ 1,150-1,200 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది.

ఇప్పుడు అదే సమస్యను శక్తి వైపు నుంచి చూడండి. కారు గతిజ శక్తి ½ × 1500 × 27.8², అంటే సుమారు 5,79,000 జౌళ్లు. అందులో 35 శాతం, అంటే 2,02,000 జౌళ్లకు పైగా, ఒక డిస్కులోకి వెళుతుంది. డిస్కు బరువు 7 కిలోలు, క్యాస్ట్ ఐరన్ విశిష్టోష్ణం 480 అనుకుంటే, ఒక డిగ్రీ పెరగడానికి 3,360 జౌళ్లు కావాలి. భాగిస్తే 60 డిగ్రీల పెరుగుదల. కాగితం మీద రెండు నిమిషాల్లో అయ్యే ఈ లెక్క మీ సిమ్యులేషన్‌కు తొలి కాపలాదారు. బండి ఆగిన తరువాత డిస్కులో నిల్వ ఉన్న మొత్తం ఉష్ణశక్తి ఈ 2,02,000 జౌళ్లకు రెండు మూడు శాతం లోపు సరిపోలకపోతే, మెష్ (లెక్క కోసం డిస్కును విభజించిన చిన్న ముక్కల వల) ఎంత సన్నగా ఉన్నా, చిత్రాలు ఎంత నున్నగా ఉన్నా, ఆ ఫలితాన్ని ముందుకు తీసుకెళ్లకండి.

ఉపరితలం మాత్రం సగటు కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, ఎందుకంటే వేడి లోపలికి పాకడానికి సమయం పడుతుంది. క్యాస్ట్ ఐరన్ ఉష్ణ వాహకత 50, సాంద్రత 7200 తీసుకుంటే 3.5 సెకన్లలో వేడి చొచ్చుకుపోయే లోతు దాదాపు 7 మిల్లీమీటర్లు, అంటే మీ డిస్కు ఒక్కో చెంప మందమంత. కాబట్టి ఆగే క్రమం మొదటి సగంలో వేడి ఇంకా చెంపలోనే ఉంటుంది, మధ్యలోని వేన్లకూ డిస్కును చక్రపు హబ్‌కు బిగించే టోపీ ఆకారపు భాగానికీ పూర్తిగా చేరదు. రేఖీయంగా తగ్గే ఫ్లక్స్‌కు అర్ధానంత ఘనపదార్థపు (లోతుకు అంతులేదనుకునే) సూత్రం ప్రకారం ఉపరితల ఉష్ణోగ్రత గరిష్ఠానికి చేరేది సరిగ్గా సగం సమయంలో. మీ సంఖ్యలతో ఆ పెరుగుదల 143 డిగ్రీలు. పైన చెప్పిన 170-180 అక్కడి నుంచి వచ్చిందే. సిమ్యులేషన్‌లో గరిష్ఠం చివరి క్షణంలో కనిపిస్తే ఫ్లక్స్‌ను స్థిరంగా ఉంచేశారేమో చూసుకోండి. నివేదికల్లో నేను అత్యధికంగా చూసే లోపం అదే.

నా దృష్టిలో ఈ మొత్తం విషయానికి మూలం ఒక్కటే. బ్రేకు పని చేసే కాలం ఎంతో తేల్చుకున్నాకే ఏ ఇన్‌పుట్‌పై శ్రమ పెట్టాలో తెలుస్తుంది. మీ డిస్కుకు రెండు సహజ కాలాలు ఉన్నాయి. మొదటిది వేడి చెంప మందాన్ని దాటే కాలం, అది కొన్ని సెకన్లు. రెండవది డిస్కు మొత్తం గాలికి చల్లారే కాలం, అంటే ఉష్ణధారితను (ద్రవ్యరాశి, విశిష్టోష్ణాల లబ్ధాన్ని) గాలి తీసుకుపోయే రేటుతో భాగిస్తే వచ్చేది. వేగాన్ని బట్టి అది నాలుగైదు నిమిషాల నుంచి పన్నెండు నిమిషాల దాకా ఉంటుంది. ఒక్కసారి బండి ఆపడం మొదటి కాలానికి చెందిన సమస్య, ఘాట్ రోడ్డు దిగడం రెండవ కాలానికి చెందిన సమస్య, పదేపదే బ్రేకు వేసే ఫేడ్ పరీక్ష రెండింటికీ నడుమ ఉంటుంది.

ఒక్కసారి ఆపడంలో కన్వెక్షన్ ఎంత తీసుకుపోతుందో చూడండి. గుణకం 100, ఉపరితలం 0.15, సగటు తేడా 80 డిగ్రీలు, సమయం 3.5 సెకన్లు: మొత్తం 4,200 జౌళ్లు, అంటే వచ్చిన వేడిలో రెండు శాతం. గుణకాన్ని 50 చేసినా 200 చేసినా మీ గరిష్ఠ ఉష్ణోగ్రత దాదాపు కదలదు. అయినా ఎన్నో నివేదికల్లో విద్యార్థులు పేజీలకు పేజీలు ఆ గుణకం లెక్కకే కేటాయించి, విశిష్టోష్ణాన్ని మాత్రం లైబ్రరీ నుంచి వచ్చిన విలువతో వదిలేస్తారు. ఇక్కడ అసలు పనిచేసేవి ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, వాహకత, చెంప మందం.

ఘాట్ రోడ్డుకు వస్తే పరిస్థితి పూర్తిగా తలకిందులవుతుంది, స్టెడీ స్టేట్‌కు గౌరవం దక్కేది అక్కడే. తిరుమల నుంచి తిరుపతికి దిగే దారిని తలచుకుని, 700 మీటర్ల ఎత్తు తేడా, 19 కిలోమీటర్ల దూరం, 40 నిమిషాల ప్రయాణం అనుకుని లెక్క వేద్దాం. స్థితిజ శక్తి 1500 × 9.81 × 700, అంటే కోటి జౌళ్లకు కాస్త పైన. టైర్ల దొర్లుడు నిరోధం అందులో దాదాపు మూడో వంతు మింగుతుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి దిగితే మిగిలిన సుమారు 69 లక్షల జౌళ్లను బ్రేకులే మోయాలి. 40 నిమిషాల మీద సగటున 2.9 కిలోవాట్లు, ఒక్కో ముందు డిస్కుకు ఒక కిలోవాట్. మీరు చూసిన 114తో పోలిస్తే ఇది చాలా చిన్న సంఖ్యగా కనిపిస్తుంది. అయితే బండి గంటకు 28 కిలోమీటర్ల వేగంతోనే వెళుతోంది కనుక కన్వెక్షన్ గుణకం 30 దాకా పడిపోతుంది, గాలి డిగ్రీకి నాలుగున్నర వాట్లే తీసుకుపోగలదు. ఒక కిలోవాట్‌ను 4.5తో భాగిస్తే 225 డిగ్రీల పెరుగుదల, అంటే డిస్కు 250 డిగ్రీల దాకా పోతుంది. చల్లారే కాలం ఇక్కడ పన్నెండున్నర నిమిషాలు, ప్రయాణం దానికి మూడింతలు, కాబట్టి డిస్కు నిజంగానే స్టెడీ స్టేట్‌కు 96 శాతం చేరువవుతుంది. ఈ సందర్భానికి మీరు స్టెడీ స్టేట్ థర్మల్ వాడి ఉంటే నేను ఒక్క మాట కూడా అనేవాడిని కాదు. ఇక్కడ గుణకం 30 బదులు 40 అయితే పెరుగుదల 225 నుంచి 170కు పడిపోతుంది. ఒక్కసారి ఆపడంలో దేనికీ కొరగాని సంఖ్య ఇక్కడ ఫలితాన్నంతా శాసిస్తోంది. 250 డిగ్రీల దగ్గర వికిరణం కూడా కన్వెక్షన్‌లో పావు వంతు స్థాయికి చేరవచ్చు, దాన్ని కలపకపోతే ఉష్ణోగ్రతను ఎక్కువగా అంచనా వేస్తారు. అదే కారు రెండో గేరులో దిగితే ఇంజను చాలా భారం మోస్తుంది. ఘాట్ దారుల్లో తక్కువ గేరులో దిగమని బోర్డులు పెట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే.

ఘాట్ సందర్భంలో డిస్కు కన్నా బ్రేకు ద్రవాన్ని (పెడల్ ఒత్తిడిని చక్రానికి చేర్చేది ఇదే, మరిగితే బ్రేకు పట్టదు) ఎక్కువ జాగ్రత్తగా గమనించాలన్నది నా అభిప్రాయం. తేమ పీల్చుకున్న డాట్ 3 రకం ద్రవానికి కనీస మరుగు స్థానం 140 డిగ్రీలు, డాట్ 4కు 155 డిగ్రీలు. కొత్త ద్రవానికి ఇవి 205, 230. దిగుతున్నంత సేపు 250 దగ్గర ఉన్న డిస్కు నుంచి ప్యాడ్ల (డిస్కును నొక్కి రుద్దే దిమ్మల) ద్వారా వాటిని పట్టి ఉంచే క్యాలిపర్‌కు వేడి నెమ్మదిగా పాకుతుంది. బండి కింద ఆగగానే గాలి ప్రవాహం ఆగిపోతుంది కానీ ఆ పాకుడు ఆగదు. ద్రవం ఉష్ణోగ్రత గరిష్ఠానికి చేరేది బండి నిలిపిన కొన్ని నిమిషాల తరువాత. వాహనంపై క్యాలిపర్‌లో థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) పెట్టి కొలిచిన ప్రతిసారీ డిస్కు వక్రరేఖ పడిపోతుండగా ద్రవం వక్రరేఖ పైకి వెళుతూ కనిపిస్తుంది. మోడల్‌ను బండి ఆగిన క్షణంలో ముగించేస్తే అసలు ప్రమాదం చిత్రంలోకే రాదు.

మూడో సందర్భం ఫేడ్ పరీక్ష. ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నిబంధనలోని టైప్-1 పరీక్షలో ప్రయాణికుల కారును గరిష్ఠ వేగంలో 80 శాతం నుంచి, అయితే గంటకు 120 కిలోమీటర్లు మించకుండా, అందులో సగానికి దించుతారు. 45 సెకన్లకోసారి చొప్పున 15 సార్లు ఇలా చేస్తారు. 120 నుంచి 60కి దించడంలో మీ కారు ఒక్కో ముందు డిస్కులోకి సుమారు 2,19,000 జౌళ్లు వస్తాయి, అంటే ప్రతిసారీ 65 డిగ్రీలు. గాలి లేకపోతే 15 సార్లకు 975 డిగ్రీలు అవుతుంది. ఆ వేగాల్లో గుణకం 80 అనుకుంటే చల్లారే కాలం 280 సెకన్లు, 45 సెకన్లలో మిగిలేది 85 శాతం. ఈ గుణశ్రేఢిని కూడితే పదిహేనో బ్రేకు చివర పెరుగుదల 400 డిగ్రీలకు దగ్గరగా వస్తుంది. కాలిక్యులేటర్‌తో వచ్చే ఈ అంచనా పక్కన మీ సిమ్యులేషన్ వక్రరేఖను పెట్టి నివేదికలో చూపించండి. పరీక్షకులు దాన్ని రంగుల చిత్రాల కన్నా ఎక్కువగా మెచ్చుకుంటారు. నిజానికి వేడెక్కేకొద్దీ క్యాస్ట్ ఐరన్ విశిష్టోష్ణం పెరుగుతుంది, అందువల్ల అసలు సంఖ్య దీనికన్నా కాస్త తక్కువ వస్తుంది.

ఫ్లక్స్ ఎలా ఇవ్వాలన్నది తరువాతి విషయం. బయటి వ్యాసార్ధం 130, లోపలిది 85 మిల్లీమీటర్లు అయితే ప్యాడ్ రుద్దుకునే వలయం ఒక్కో ముఖానికి 0.0304 చదరపు మీటర్లు, రెండు ముఖాలకు 0.0608. 114.5 కిలోవాట్లను దానితో భాగిస్తే చదరపు మీటరుకు 18.8 లక్షల వాట్లు. ఈ సంఖ్య రెండు ముఖాలకూ కలిపి లెక్కించినది, కాబట్టి ఒక్కో ముఖానికి ఇదే విలువ ఇవ్వాలి, రెట్టింపు చేయకూడదు. క్లాంపింగ్ బలం (ప్యాడ్ నొక్కే బలం), ఘర్షణ గుణకం, వేగం గుణించి ఫ్లక్స్ రాబట్టేవారు తరచుగా వాహన వేగాన్నే వాడేస్తారు. ప్యాడ్ కింద జారే వేగం వాహన వేగం కాదు. చక్రం వ్యాసార్ధం 0.3 మీటర్లు, ప్యాడ్ ప్రభావ వ్యాసార్ధం 0.107 అయితే ప్యాడ్ దగ్గర వేగం వాహన వేగంలో దాదాపు మూడో వంతే. ఆ ఒక్క పొరపాటుతో వేడి 2.8 రెట్లవుతుంది. శక్తి నుంచి మొదలుపెట్టే పద్ధతిలో ఈ ఉచ్చు ఉండదు.

వేడిలో ప్యాడ్ వాటా ఎంతన్నది కూడా చాలామంది అడుగుతుంటారు. వాహకత, సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధానికి వర్గమూలం తీస్తే క్యాస్ట్ ఐరన్‌కు 13,000 పైన వస్తుంది, సాధారణ ఆర్గానిక్ ప్యాడ్‌కు 1,500 ప్రాంతంలో వస్తుంది. పైగా ప్యాడ్ వలయంలో ఆరో వంతునే కప్పుతుంది. కాబట్టి 95 శాతం పైగా డిస్కుకే చెందుతుంది. తొలి విశ్లేషణలో మొత్తం డిస్కుకే ఇచ్చేయండి, జాగ్రత్త వైపే ఉంటారు. లోహం ఎక్కువగా ఉన్న సింటర్డ్ (పొడిని వేడితో అతికించి చేసిన) ప్యాడ్లయితే మాత్రం ఈ వాటాను వదిలేయలేం.

తిరిగే ప్యాడ్‌ను మోడల్ చేయాలా, ఫ్లక్స్‌ను వలయమంతా సమంగా పరచాలా? గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం ఒక చుట్టు తిరగడానికి 0.07 సెకన్ల లోపే పడుతుంది. ఆ వ్యవధిలో వేడి ఒక మిల్లీమీటరు లోతుకు మించి పోదు. ప్యాడ్ కిందికి వెళ్లిన ప్రతిసారీ ఉపరితలపు పలుచని పొర పదుల డిగ్రీలు ఎగసి దిగుతుంది, దాని కింద డిస్కుకు ఆ సంగతే తెలియదు. మీ లక్ష్యం డిస్కు ఉష్ణోగ్రత, వంపు, ద్రవం అయితే సమంగా పరచడమే తెలివైన పని. ఉపరితలపు సన్నని పగుళ్ల గురించి అధ్యయనం చేస్తుంటే మాత్రం తిరిగే ఉష్ణ మూలం అవసరం, అప్పుడు టైమ్ స్టెప్ (లెక్క ఒక్కో అడుగుకు ముందుకు జరిగే కాలం) మిల్లీ సెకన్లలోకి దిగుతుంది, పని వారాలు పడుతుంది.

పదార్థాల పోలిక మీ ప్రాజెక్టుకు కేంద్రం కాబట్టి దీని దగ్గర కొంత ఆగుతాను. స్టెడీ స్టేట్ సమీకరణంలో సాంద్రత, విశిష్టోష్ణం అసలు ఉండవు. బ్రేకు డిస్కు చేసే ప్రధానమైన పని వేడిని క్షణాల్లో నిల్వ చేసుకోవడం, ఆ పనిని నిర్ణయించే రెండు లక్షణాలనూ మీ విశ్లేషణ లెక్కలోకే తీసుకోలేదు. వేర్వేరు పదార్థాలకు మీకు వచ్చిన చిన్న తేడాలు వాహకత వల్ల వచ్చినవి మాత్రమే, సగటు ఉష్ణోగ్రత పదార్థంతో నిమిత్తం లేకుండా ఒకటే వస్తుంది. ఈ పద్ధతిలో అల్యూమినియం ప్రతిసారీ గెలుస్తుంది, అందుకే అల్యూమినియం డిస్కే ఉత్తమమని ముగిసే నివేదికలు అన్ని ఉన్నాయి.

ట్రాన్సియెంట్‌లో కథ మారిపోతుంది. ఒక ఘనపు మీటరు క్యాస్ట్ ఐరన్ ఒక డిగ్రీ వేడెక్కడానికి 34.6 లక్షల జౌళ్లు తీసుకుంటుంది, అల్యూమినియం 24.3 లక్షలు మాత్రమే. అదే కొలతలతో అల్యూమినియం డిస్కు చేస్తే సగటు పెరుగుదల 60 బదులు 85 డిగ్రీలు అవుతుంది. ఫేడ్ పరీక్షలో 400 డిగ్రీలు చూసే చోట అది ఇంకా ఎక్కువ చూడాలి. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది కానీ మామూలు మిశ్రలోహాలు 200-300 మధ్యే బలం పోగొట్టుకుంటాయి. టైటానియం విషయం మరీ విచిత్రం. మిశ్రలోహపు వాహకత 7 దగ్గరే ఉంటుంది, కాబట్టి వేడి లోపలికి దిగక ఉపరితలంలోనే చిక్కుకుంటుంది. పైన చెప్పిన వర్గమూలం విలువ దీనికి 4,000 ప్రాంతం. క్యాస్ట్ ఐరన్ ఉపరితలం 143 డిగ్రీలు పెరిగిన చోట టైటానియం దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది. తేలికైనది, బలమైనది, వాహకత తక్కువ కనుక వేడి లోపలికి పోదు, కాబట్టి మంచిదని రాసిన నివేదికను చదివి నేను కాసేపు పెన్ను పక్కన పెట్టేశాను. గ్రే క్యాస్ట్ ఐరన్ ఇన్ని దశాబ్దాలుగా ఈ స్థానంలో నిలిచింది చవక కావడం వల్ల ఒక్కటే కాదు. అందులోని గ్రాఫైట్ రేకులు వాహకతను పెంచుతాయి, కంపనాలను అణుస్తాయి, పోత పోయడమూ సులువే. పోలిక చేయాలనుకుంటే ఒకే బరువుకు చేస్తున్నారా, ఒకే కొలతలకు చేస్తున్నారా అన్నది మొదటి పేజీలోనే రాయండి. రెండింటికీ సమాధానాలు వేరు.

మోటారు సైకిల్ డిస్కును ఎంచుకునే విద్యార్థులకు ఒక ముక్క. ఆ పలుచని డిస్కు సాధారణంగా మార్టెన్సిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు, వాహకత 25 ప్రాంతంలో ఉంటుంది. దానికి క్యాస్ట్ ఐరన్ లక్షణాలు ఇవ్వకండి.

మెష్, టైమ్ స్టెప్‌ల విషయంలో తప్పక ఎదురయ్యే ఒక వింత ఉంది. ట్రాన్సియెంట్ మొదలుపెట్టగానే కొన్ని నోడ్ల (మెష్ ముక్కలు కలిసే బిందువుల) దగ్గర ఉష్ణోగ్రత 30 నుంచి 22కో 15కో పడిపోయినట్టు కనిపిస్తుంది. బ్రేకు వేస్తే డిస్కు చల్లబడదు కదా. కారణం ఏమిటంటే, ఎలిమెంట్ (మెష్‌లోని ఒక్కో ముక్క) పెద్దదిగా ఉండి టైమ్ స్టెప్ మరీ చిన్నదైతే, వేడి ఇంకా ఎలిమెంటును దాటకముందే దాని ఆకారాన్ని సమీకరణం వంచలేక అవతలి నోడును కిందికి తోస్తుంది. నియమం సుమారుగా ఇది: టైమ్ స్టెప్ ఎలిమెంట్ మందం వర్గాన్ని ఉష్ణ విసరణ గుణకానికి (వాహకతను సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధంతో భాగించగా వచ్చేది) ఆరు రెట్లతో భాగించగా వచ్చిన దానికన్నా తగ్గకూడదు. క్యాస్ట్ ఐరన్‌కు 3 మిల్లీమీటర్ల ఎలిమెంటయితే ఆ హద్దు 0.1 సెకను, అర మిల్లీమీటరయితే 0.003 సెకను. కాబట్టి మందం దిశలో ఉపరితలం దగ్గర అర మిల్లీమీటరు పొరలతో మొదలై లోపలికి పెరిగే మెష్, 0.01-0.02 సెకను స్టెప్ మీకు సరిపోతాయి. చుట్టూ తిరిగే దిశలో, ఫ్లక్స్‌ను సమంగా పరిచారు కాబట్టి, ఎలిమెంట్లు ఎంత పెద్దవైనా పెద్దగా నష్టం లేదు.

ప్రతిబలాల విశ్లేషణ చేసే ఉద్దేశం ఉంటే రెండు మూడు హెచ్చరికలు. ఉష్ణోగ్రతలను చివరి క్షణంలోనే దిగుమతి చేసుకోకండి. ఉపరితలానికీ లోపలికీ తేడా అత్యధికంగా ఉండే తొలి సెకన్లనూ, వేడి సర్దుకున్నాక టోపీ భాగం వంగే దశనూ వేర్వేరుగా చూడండి. చెంపలు వ్యాకోచిస్తుంటే చల్లగా ఉన్న టోపీ వాటిని ఒక పక్కకు పట్టి ఉంచడం వల్ల డిస్కు కోను ఆకారంలోకి మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలో వంగుతుంది. బోల్టు రంధ్రాలన్నింటినీ అన్ని దిశల్లో బిగించేస్తే అక్కడ వచ్చే భారీ ప్రతిబలం మీరు సృష్టించినది మాత్రమే, డిస్కుది కాదు. పైగా గ్రే క్యాస్ట్ ఐరన్ సంపీడనంలో తన్యతకు మూడు నాలుగు రెట్లు బలమైనది కనుక వాన్ మిసెస్ ప్రతిబలాన్ని (అన్ని దిశల ప్రతిబలాలను ఒకే విలువగా కలిపే కొలతను) ఒకే సంఖ్యతో పోల్చి భద్రతా గుణకం ప్రకటించడం సరికాదు. బ్రేకు పడినప్పుడు వేడెక్కిన ఉపరితలం సంపీడనంలో ఉంటుంది, అక్కడ అది కొంత శాశ్వతంగా నలిగితే, చల్లారాక అదే చోట తన్యత ఏర్పడుతుంది. డిస్కులపై కనిపించే వ్యాసార్ధ దిశ పగుళ్లు పుట్టేది ఇక్కడి నుంచే. సాఫ్ట్‌వేర్లలో క్యాస్ట్ ఐరన్‌కు ప్రత్యేకంగా ఉండే ప్లాస్టిసిటీ (శాశ్వత విరూపణ) మోడల్ లేకుండా ఈ విషయం బయటపడదు. వేడి మచ్చలు, వాటివల్ల వచ్చే స్టీరింగ్ వణుకు వేరే ప్రపంచం. 1969లో బార్బర్ అనే పరిశోధకుడు వివరించిన ఉష్ణ స్థితిస్థాపక అస్థిరత (వేడెక్కి ఉబ్బిన చోటే ఎక్కువ రుద్దుకుని ఇంకా వేడెక్కడం) దాని మూలం, ఎం.టెక్ ప్రాజెక్టులో దాన్ని కలపమని నేను చెప్పను.

కన్వెక్షన్ గుణకం ఎక్కడి నుంచి తేవాలని అడిగారు కాబట్టి మేము చేసే పద్ధతి చెబుతాను. డిస్కును బ్రేకు వేస్తూ 300 డిగ్రీల దాకా వేడి చేసి, బ్రేకు వదిలేసి, స్థిర వేగంతో నడుపుతూ ఉష్ణోగ్రతను నమోదు చేస్తాం. గాలితో ఉన్న తేడాకు సంవర్గమానం తీసి కాలంతో గీస్తే దాదాపు సరళరేఖ వస్తుంది, దాని వాలు చల్లారే కాలానికి విలోమం. తేడా 37 శాతానికి పడిపోవడానికి పట్టిన సమయమే మీ కాలం. దాన్నుంచి గుణకం, ఉపరితలాల లబ్ధం నేరుగా దొరుకుతుంది, ఏ పుస్తక సూత్రం కన్నా ఇది నమ్మదగినది. రెండు మూడు వేగాల్లో ఇది చేస్తే గుణకం వేగంతో ఎలా మారుతుందో తెలిసిపోతుంది. రిమ్ము, డస్ట్ షీల్డ్ ఉన్నప్పుడు కొలిచిన విలువ విడి డిస్కుపై కొలిచిన దానికన్నా గణనీయంగా తక్కువ రావడం నేను పలు ప్రాజెక్టుల్లో చూశాను. అందువల్ల విడి డిస్కు చుట్టూ గాలి ప్రవాహం సిమ్యులేట్ చేసి తెచ్చిన గుణకాన్ని ఘాట్ లెక్కలో వాడేటప్పుడు జాగ్రత్త అవసరం. మీ కళాశాలలో డైనమోమీటర్ (బ్రేకును తిప్పి పరీక్షించే యంత్రం) లేకపోతే రెండు గుణకాలతో, తక్కువ అంచనా ఒకటి, ఎక్కువ అంచనా ఒకటి, ఫలితాన్ని పట్టీగా చూపించండి. ఒక్క కచ్చితమైన సంఖ్య కన్నా అదే నిజాయితీ గల ఫలితం.

చివరగా ల్యాప్‌టాప్ ఇబ్బంది. ఫ్లక్స్ చుట్టూ సమంగా ఉంది కాబట్టి మీకు మొత్తం డిస్కు అవసరమే లేదు. 36 వేన్లు ఉన్న డిస్కయితే ఒక వేను ఉన్న 10 డిగ్రీల ముక్క చాలు. రెండు కోత ముఖాలపై ఉష్ణ ప్రవాహం సున్నా అని వదిలేయండి, ప్రతిబలాలకు సైక్లిక్ సిమెట్రీ (ఇదే ముక్క చుట్టూ పునరావృతమవుతుందన్న షరతు) ఇవ్వండి. వేన్లు వంపుగా ఉంటే కోతను వేను వంపు వెంటే తీయాలి, నేరుగా తీస్తే ఒక వేను రెండుగా తెగుతుంది. అప్పుడు కోత ముఖాలను ఉష్ణపరంగా కూడా జతగా కలపడం మంచిది. ఈ ముక్కలో సన్నని పొరలన్నీ పెట్టినా నోడ్లు విద్యార్థి లైసెన్సు పరిమితిలోనే ఉంటాయి, 15 బ్రేకుల ఫేడ్ పరీక్ష మొత్తం ఒక రాత్రిలో మీ ల్యాప్‌టాప్‌పైనే పూర్తవుతుంది.